విమెట్‌ను 1916లో పక్కన పెట్టడం న్యాయమేనా? (అమెచ్యూర్ గోల్ఫ్ మీద చర్చ)

అలిపిరి_మెట్లు (తిరుపతి):

మన ఊళ్లో గోల్ఫ్ అంటే రిమోట్ నొక్కుతుంటే మధ్యలో ఒక సెకను కనపడి పోయే ఆట. అయినా ఈ విషయం చదివినప్పటి నుంచి నాకు కడుపు మండుతోంది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

అమెరికాలో పురుషుల జాతీయ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ 1895 నుంచి నడుస్తోంది. యూఎస్ అమెచ్యూర్ అంటారు. డబ్బు కోసం ఆడనివాళ్లకే అందులో చోటు. 1914లో దాన్ని గెలిచినవాడు ఫ్రాన్సిస్ విమెట్. బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో పెద్దోళ్ల గోల్ఫ్ క్లబ్బుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల వాళ్ల ఇల్లు. నాన్న తోటపని చేసుకునే మనిషి. పిల్లాడు ఆ క్లబ్బులోనే క్యాడీగా సంచులు మోశాడు. 1913లో, ఇరవై ఏళ్ల వయసులో, అమెచ్యూర్లు, ప్రొఫెషనల్స్ ఇద్దరూ ఆడే యూఎస్ ఓపెన్‌లో, స్కోర్లు సమమయ్యాక పెట్టిన ప్లేఆఫ్‌లో హ్యారీ వార్డన్, టెడ్ రే అనే ఇద్దరు బ్రిటిష్ ఉద్దండులను ఓడించాడు. ఆ రోజు అతని సంచి మోసినవాడికి పదేళ్లు, పేరు ఎడ్డీ లోవరీ. మరుసటి ఏడు అమెచ్యూర్ ఫైనల్లో జెరోమ్ ట్రావర్స్‌ను చిత్తు చేశాడు. అప్పటికి ట్రావర్స్ నాలుగుసార్లు గెలిచినవాడు.

తర్వాత స్నేహితుడితో కలిసి ఆట సామాన్లు అమ్మే షాపు పెట్టుకున్నాడు. అంతే. గోల్ఫ్ సామాన్లు అమ్మి లాభం తీసుకునేవాడు అమెచ్యూర్ కాదని 1916లో అమెరికా గోల్ఫ్ సంఘం, యూఎస్‌జీఏ, రూలు తెచ్చి ఇతన్ని బయటికి పంపింది. 1918లో మళ్లీ హోదా తిరిగి ఇచ్చారు.

ఇది న్యాయమేనా? నా మాట ముందే చెప్పేస్తున్నా: కాదు. ఈ ఛాంపియన్‌షిప్ చరిత్రలో అమెచ్యూర్ రూలు దెబ్బ ఎప్పుడూ డబ్బు అవసరమున్నవాడికే తగిలింది.

రిటైర్డ్_క్యాషియర్ (మదనపల్లె):

నాయనా, కోపం సరే. ఆ రూలు లేకముందు పరిస్థితి ఏమిటో కూడా చూడు.

1894లో అమెరికాలో రెండు క్లబ్బులు ఎవరికి వారే జాతీయ ఛాంపియన్‌షిప్ అని పోటీ పెట్టుకున్నాయి. చార్లెస్ మెక్‌డొనాల్డ్ అని ఒక పెద్దమనిషి, స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్‌లో చదువుకుని ఆట నేర్చుకొచ్చినవాడు, రెండింటిలోనూ ఆడాడు. న్యూపోర్ట్‌లో బంతి రాతి గోడ దగ్గర ఇరుక్కుంది, రెండు స్ట్రోకుల (దెబ్బల) పెనాల్టీ పడింది, ఒక్క స్ట్రోకు తేడాతో ఓడిపోయాడు. గోల్ఫ్‌లో రాతి గోడ ఏమిటి, ఈ పోటీ చెల్లదు అన్నాడు. రెండోది యాంకర్స్ అనే ఊళ్లో. అక్కడ ఫైనల్లో ఓడాడు. ఒక క్లబ్బు పెట్టుకున్నది జాతీయ పోటీ ఎట్లా అవుతుంది అన్నాడు. ఈ గొడవ తేల్చడానికే ఆ డిసెంబరులో ఐదు క్లబ్బులు కూర్చుని యూఎస్‌జీఏ పెట్టుకున్నాయి. 1895 అక్టోబరులో న్యూపోర్ట్‌లోనే మొదటి అధికారిక పోటీ. మెక్‌డొనాల్డ్ ఫైనల్లో 12 అండ్ 11తో గెలిచాడు, అంటే ఇంకా 11 హోల్స్ (బంతి వేయాల్సిన గుంటలు) ఉండగానే 12 హోల్స్ ముందున్నాడు. ఈసారి మాత్రం ఆయనకు ఏ అభ్యంతరమూ కనపడలేదు.

చెప్పొచ్చేదేమంటే, రూలు లేకపోతే గొంతు పెద్దగా ఉన్నవాడిదే రాజ్యం. నేను ముప్పై ఏళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. ఐదు రూపాయలు తేడా వచ్చినా తేడానే, మనిషి మంచివాడా కాదా అని అక్కడ చూడరు. విమెట్ మంచివాడే. షాపులో అమ్మింది గోల్ఫ్ సామాన్లు. ఆ షాపుకు గిరాకీ తెచ్చింది అతని పేరు. గీత దాటాడు.

ఇంకోటి. యుద్ధం వల్ల 1917, 1918లో యూఎస్ అమెచ్యూర్ అసలు జరగనే లేదు. అతను నిజంగా పోగొట్టుకున్నది 1916 ఒక్కటే.

బెల్లం_చిత్తూరు:

సార్, ఆ గీత గీసిందెవరో కూడా చెప్పాల్సింది. యూఎస్‌జీఏ మొదటి ప్రెసిడెంటు థియోడర్ హావ్‌మేయర్, చక్కెర ఫ్యాక్టరీల ఆసామి. ఇప్పటికీ విజేతకు ఇచ్చే కప్పు ఆయన పేరు మీదే. (మన చిత్తూరు బెల్లం మండీల్లో ఎవరూ ఇంకా కప్పు పెట్టలేదు, అది వేరే సంగతి.) 1895 పోటీ మొదట సెప్టెంబరులో జరగాలి. అదే సమయానికి అమెరికా కప్ పడవ పందెం వచ్చిందని అక్టోబరుకు జరిపారు. పెద్దోళ్లు పడవలు చూసుకుని తీరిగ్గా వచ్చి ఆడారు. యూఎస్ ఓపెన్ అప్పుడే పుట్టింది, దాన్ని అమెచ్యూర్ అయిపోయిన మర్నాడు ఒక్క రోజులో కానిచ్చేశారు. ఎక్కువగా కూలి తీసుకునే ప్రొఫెషనల్స్ ఆడిన పోటీ అది. గెలిచిన హొరేస్ రాలిన్స్‌కు 150 డాలర్లు.

ఈ గీత కథ ఇంగ్లండులో ఇంకా ముందే మొదలైంది. 1885లో హొయ్‌లేక్‌లో మొదటి అమెచ్యూర్ పోటీ పెట్టారు. డగ్లస్ రోలండ్ అనే స్కాట్లాండ్ తాపీమేస్త్రీ, రాళ్లు చెక్కేవాడు, ఎంట్రీ పంపాడు. అంతకుముందు ఏడు బ్రిటిష్ ఓపెన్‌లో బహుమతి డబ్బు తీసుకున్నావు కాబట్టి నీకు కుదరదన్నారు. సరే, రూలు రూలే. మరి అదే హొయ్‌లేక్ కుర్రాడు జాన్ బాల్? చిన్నప్పుడు ఓపెన్ ఆడి అతనూ బహుమతి డబ్బు తీసుకున్నాడు. అతన్ని ఆడనిచ్చారు. ఆ పోటీ పెట్టిన హొయ్‌లేక్ క్లబ్బు వాళ్లు మొదట్లో మకాం పెట్టిన రాయల్ హోటలు ఎవరిదనుకున్నారు? బాల్ వాళ్ల నాన్నది. ఆ తర్వాత అతను ఎనిమిదిసార్లు ఛాంపియన్ అయ్యాడు, ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే. గొప్ప ఆటగాడు, కాదనను. కానీ ఐదు రూపాయల తేడా అక్కడ కౌంటర్లో ఎవరికీ కనపడలేదు సార్.

లీలామహల్_సర్కిల్:

ఏందబ్బా ఈ పంచాయితీ. క్రికెట్‌లోనూ ఇదే కథ. ఇంగ్లండులో జెంటిల్‌మెన్, ప్లేయర్స్ అని వేరు వేరు టీములు పెట్టుకుని 1962 దాకా ఆడారు. తీసేశాక ఆకాశమేం ఊడిపడలేదు.

రిటైర్డ్_క్యాషియర్:

జాన్ బాల్ సంగతి ఒప్పుకుంటా, అది పక్షపాతమే. రూలు అమలు చేసినవాళ్లది తప్పయితే రూలు తప్పెట్లా అవుతుంది?

రూలు పాటించి కొండెక్కినవాడి పేరు చెప్తా. బాబీ జోన్స్. 1916లో మెరియన్ క్లబ్బులో, విమెట్‌ను రానివ్వని ఆ పోటీలోనే, పద్నాలుగేళ్ల పిల్లాడిగా వచ్చి క్వార్టర్ ఫైనల్ దాకా పోయాడు. తర్వాత యూఎస్ అమెచ్యూర్ ఐదుసార్లు గెలిచాడు: 1924, 1925, 1927, 1928, 1930. ఆ 1930లో బ్రిటిష్ అమెచ్యూర్, బ్రిటిష్ ఓపెన్, యూఎస్ ఓపెన్, చివరికి అదే మెరియన్‌లో యూఎస్ అమెచ్యూర్, నాలుగూ ఒకే ఏడాది. మధ్యలో ఇంజనీరింగ్ చదివాడు, ఇంగ్లీషు సాహిత్యం చదివాడు, లా ప్రాక్టీసు పెట్టాడు. బహుమతి డబ్బు ఒక్క పైసా ముట్టలేదు. ఆ రూలు లేకపోతే ఇట్లాంటి మనిషి పుడతాడా?

కుప్పం_ప్యాసింజర్:

సార్, జోన్స్ నాన్న లాయరు. ఆ ఒక్క ముక్క మీరు వదిలేశారు. 28 ఏళ్లకు ఆట మానేసిన వెంటనే హాలీవుడ్‌లో గోల్ఫ్ నేర్పే సినిమాలు తీశాడు, కంపెనీ అతని పేరుతో గోల్ఫ్ కర్రలు అమ్మింది. చేసుకోనీ, ఆయన కష్టం ఆయనది. కానీ అతను ఆగగలిగాడు. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఇబ్బంది లేనివాడికి ఆగడం తేలిక.

మాది కుప్పం. మా తాత కోలార్ బంగారు గనుల్లో పనిచేశాడు, మావైపు నుంచి బోలెడు మంది అక్కడికే పోయారు. దొరల కోసం అక్కడ క్లబ్బు, గోల్ఫ్ మైదానం ఉండేవి. మా నాయన కుర్రతనంలో అక్కడ సంచి మోశాడు. దొర బంతి కొట్టగానే చూపు పైకి పోనిచ్చేవాడు కాదంట. అది పడే చోట ఏ తుమ్మచెట్టు ఉందో, ఏ రాయి ఉందో గుర్తు పెట్టుకుని కళ్లు తిప్పకుండా నేరుగా నడిచేవాడు. బంతి దొరికాక జెండా దాకా అడుగులు లెక్కపెట్టి ఏ కర్ర తీయాలో చెప్పేవాడు. బంతి పోతే కూలిలో కోత. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటింది, టీవీలో గోల్ఫ్ వస్తే 'గాలి ఎడమ నుంచి, వీడు ఆ కర్ర తీయకూడదు' అంటాడు. నూటికి ఎనభైసార్లు కరెక్టే. ఆ మైదానంలో ఆయన ఒక్క బంతి కూడా కొట్టలేదు.

విమెట్ కాలంలో అమెరికాలో ఇంకో రూలు ఉండేది, తెలుసా? పదహారేళ్లు దాటాక కూడా క్యాడీగా పనిచేస్తే అమెచ్యూర్ హోదా పోయినట్టే. విమెట్ పదహారేళ్లకు సంచి దించేసింది అందుకే. మా నాయన ఇరవై దాటాక కూడా మోశాడు. ఆ లెక్కన ఆయన ప్రొఫెషనల్ అన్నమాట. ఈ మాట ఇంట్లో చెప్తే పడి పడి నవ్వాడు.

డ్రిల్లు_మాస్టారు (పుత్తూరు):

మన దేశం సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829 నాటిది, బ్రిటిష్ దీవులు దాటితే అంతకంటే పాత క్లబ్బు లేదు. మన అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ అక్కడ 1892లో మొదలైంది. అమెరికా కంటే మూడేళ్లు ముందు! చాలా ఏళ్లు దాదాపు అన్నీ దొరల పేర్లే, అది వేరే చెప్పక్కర్లేదు.

క్యాషియర్ గారికి పనికొచ్చే పేరు నేనే ఇస్తా: 1965లో బిల్లూ సేఠీ అమెచ్యూర్‌గా ఉండే ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కానీ ఆ ఓపెన్‌ను మళ్లీ మనవాడు గెలవడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. గెలిచింది అలీ షేర్, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా ఉన్నవాడు. తర్వాత వచ్చిన చౌరాసియా రాయల్ కలకత్తాలో గడ్డి చూసుకునే పనివాడి కొడుకు, 2016, 2017లో వరసగా గెలిచాడు. సంచులు మోసే చోట, గడ్డి కోసే చోట ఇంత ఆట ఉంటే, అమెచ్యూర్ గెలిచినవాళ్ల పట్టీలో అట్లాంటి ఇళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారో చూడండి. వాళ్లు ఏళ్ల తరబడి కప్పుల కోసం ఆడలేరు. చేయి తిరగ్గానే డబ్బొచ్చే వైపు పోతారు.

నా దగ్గర చదివిన పిల్లాడు ఒకడు బెంగళూరులో ఒక క్లబ్బులో క్యాడీ. ఆట బాగా వచ్చు. వారంలో సెలవు పూట క్యాడీలను ఆడుకోనిస్తారు, అదే వాడి ప్రాక్టీసు. టోర్నీ ఆడతానంటే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (ఆటగాడి స్థాయి ఎంతో చూపే కాగితం) కావాలన్నారు. ఎవరిస్తారంటే, సభ్యులకిస్తాం అన్నారు. సభ్యత్వం సంగతి అడిగితే ఆఫీసులో ఉన్నాయన నవ్వాడంట.

రిటైర్డ్_క్యాషియర్:

మాస్టారూ, మీ పిల్లాడికి అడ్డం పడింది అమెచ్యూర్ రూలు కాదు, క్లబ్బు గేటు. రెండూ కలపకండి. 2022 నుంచి ఆ రూలు చాలా సడలించారు. స్పాన్సర్లను తీసుకోవచ్చు, పరిమితి లోపల బహుమతి నగదు కూడా తీసుకోవచ్చు.

విమెట్ కాలంలోనే ఇంకో క్యాడీ ఉన్నాడు, చిక్ ఎవాన్స్, షికాగో. 1916లో యూఎస్ ఓపెన్, యూఎస్ అమెచ్యూర్ రెండూ గెలిచాడు. గోల్ఫ్ పాఠాలు గ్రామఫోన్ రికార్డుల్లో చెప్తే డబ్బొచ్చింది. తీసుకుంటే హోదా పోతుంది. ఏం చేశాడు? వాళ్లమ్మ సలహా మీద ఆ డబ్బు క్యాడీల చదువులకు కేటాయించాడు. 1930లో స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి, ఇప్పటికీ క్యాడీ పిల్లలు వాటితో కాలేజీల్లో చదువుతున్నారు. రూలు అడ్డం రాబట్టే ఈ మంచి జరిగింది.

అలిపిరి_మెట్లు:

ఎవాన్స్‌కు దండం పెడతా సార్. కానీ మీ మాట మళ్లీ మీరే చదువుకోండి. క్యాడీగా పెరిగినవాడికి సంపాదన వస్తే అది దానం చేస్తేనే పెద్దమనిషి. చక్కెర ఆసామికి, లాయరు కొడుక్కి అట్లాంటి పరీక్ష ఎవరూ పెట్టలేదే.

పోగొట్టుకున్నది ఒక్క పోటీయే అన్నారు. 1916లో విమెట్‌కు 23 ఏళ్లు, ఆట మంచి ఊపు మీద ఉన్న వయసు. అమెరికాలోనే ఇంకో సంఘం, వెస్టర్న్ గోల్ఫ్ సంఘం, యూఎస్‌జీఏ మాట లెక్కచేయకుండా అతన్ని ఆడనిస్తే 1917లో వాళ్ల అమెచ్యూర్ గెలిచి చూపించాడు. యూఎస్ అమెచ్యూర్ మళ్లీ గెలవడానికి 1931 దాకా పట్టింది, మొదటిదానికి పదిహేడేళ్ల తర్వాత. ఆ షాపు అంత పాపమైతే 1918లో హోదా ఎందుకు తిరిగిచ్చారు? 1951లో సెయింట్ ఆండ్రూస్‌లో రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు వాళ్లు ఏకంగా కెప్టెన్‌నే చేశారు, ఆ పదవి దక్కిన మొదటి అమెరికన్ అతనే.

గేటు వేరు, రూలు వేరు అంటారా? 1922లో అమెరికాలో పబ్లిక్ కోర్సుల్లో, అంటే ఎవరైనా ఆడుకునే మైదానాల్లో, ఆడేవాళ్ల కోసం వేరే అమెచ్యూర్ పోటీ పెట్టారు, 2014 దాకా నడిపారు. పెద్ద పోటీ గేటు తెరిచే ఉంటే ఇంకో పోటీ ఎందుకు పుట్టింది?

రిటైర్డ్_క్యాషియర్:

వేరే పోటీ పెట్టడం కూడా అవకాశమివ్వడమే కదా నాయనా. దీని మీద రేపు రాస్తా, ఇప్పుడు కరెంటు పోయేట్టుంది.

కుప్పం_ప్యాసింజర్:

మాస్టారూ, ఆ అబ్బాయి ఏ క్లబ్బులో ఉన్నాడో ఇక్కడ రాయొద్దు, ఉన్న పని పోతుంది. నాకు విడిగా మెసేజ్ పెట్టండి. వైట్‌ఫీల్డ్‌లో నా ఫ్రెండ్ ఒకడు వారం వారం ఆడతాడు, వేరే క్లబ్బు మెంబరు. హ్యాండిక్యాప్ అక్కడ తెచ్చుకోవచ్చేమో కనుక్కుంటా. మొదట వాడి స్కోరు కార్డులు, సంతకాలతో ఉన్నవి, ఎన్నుంటే అన్ని దాచమనండి.