సాయం కావాలె: పవిత్ర వృక్షాల కోర్సుకు చేయిస్తున్న హెర్బేరియం షీట్లు పాడైతున్నయ్

తంగేడు: పొద్దటి నుంచి ఇదే తలనొప్పి. 'పవిత్ర వృక్షాలు - ఆధ్యాత్మికత' పేపరుకు పిల్లలతో హెర్బేరియం షీట్లు, అంటే మొక్కల్ని నొక్కి ఎండబెట్టి కాగితం మీద అతికించేటివి, చేయిస్తున్న. తులసి నల్లగైంది, మారేడుకు బూజు పట్టింది, జమ్మి విప్పితే ఆకులన్నీ రాలినయ్. పుస్తకంల ఉన్నట్టే చేసినం. ఏం చేయాలె?

ల్యాబ్‌వాలా: కాగితం ఏది? ఎన్నిరోజులకు మార్చిండ్రు?

తంగేడు: పాత మ్యాగజైన్లు. వారం దాకా ముట్టుకోలె.

ల్యాబ్‌వాలా: అదే రోగం. నున్నటి కాగితం తడి పీల్చదు. మామూలు న్యూస్ పేపర్ పెట్టి, మొదటి మూడు రోజులు రోజూ మార్చాలె, తర్వాత రోజు విడిచి రోజు. ఆకు ఎండి పలచబడుతుంటది గనుక ఆకుల్ని నొక్కి ఉంచే ప్రెస్ బెల్టు రోజూ బిగించాలె. వానాకాలమైతే ఫ్యాన్ గాలికి పెట్టుండ్రి. జమ్మి కొమ్మ కోసినంక కూడా బతికే ఉంటది, ఆకుల్ని తనే వదిలేస్తది. ప్రెస్ చేసే ముందు మరిగే నీళ్లల్ల కొన్ని సెకన్లు ముంచి, తుడిచి పెట్టుండ్రి.

శాస్త్రిగారు: అసలు ఏ రోజు కోశారు? సోమవారం మారేడు, ద్వాదశి నాడు తులసి కోయరు. పిల్లలకు అది ముందు చెప్పాలి.

ల్యాబ్‌వాలా: తిథికి, బూజుకు సంబంధం లేదు సార్.

శాస్త్రిగారు: బూజు గురించి కాదండీ. కోర్సు పేరులోనే ఆధ్యాత్మికత ఉంది. ఆ రోజుల్లో రాలిన రెమ్మలు ఏరుకోవచ్చు. లేబుల్ మీద తేదీ, ఊరితో పాటు ఏ పూజకు, ఎవరు వాడతారో రాయించండి. లేకపోతే అది ఉత్త బోటనీ.

గునుగు: అది జమ్మేనా, సర్కారు తుమ్మనా? రెండింటినీ ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిల పెట్టేటోళ్లు. జమ్మికి ముండ్లు కణుపుల నడుమ చెదురుమదురుగా ఉంటయ్. సర్కారు తుమ్మకు కణుపు దగ్గర జంటగా ఉంటయ్. కాయ కూడా చూడుండ్రి, జమ్మిది సన్నగా గుండ్రం, దానిది మందంగా చదును. దసరా నాడు బంగారమని పంచుకునేది మొదటిదే. మహారాష్ట్రల అయితే ఆరె ఆకు పంచుతరు, అది వేరే చెట్టు. పిల్లలు మూడింటినీ కలిపేస్తరు.

తంగేడు: ముండ్లు చూడలె. పురుగుకు మెర్క్యూరిక్ క్లోరైడ్ పూయాల్నా?

ల్యాబ్‌వాలా: వద్దు, విషం. పిల్లల చేతికి అసలే ఇయ్యొద్దు. ఎండిన షీటును పాలిథిన్ కవర్ల మూసి డీప్ ఫ్రీజర్‌ల మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర వారం ఉంచుండ్రి. బయటికి తీసినంక కవర్ వెంటనే విప్పొద్దు, చెమ్మ పడతది.

తంగేడు: సరే, పేపర్లు మార్చిన. థాంక్స్. ముల్లు ఫోటో పెడత.

గునుగు: ఇప్పపువ్వు కూడా సిలబస్‌ల ఉన్నదా? రెక్కలు మందం, గిట్ల ప్రెస్ చేస్తే చితికిపోతది. దాన్ని ఎట్ల ఎండబెడుతున్నరు?