వరి కోత సమస్యలో రెండో రోబోకు ఏ రూపం తగినది?

ప్రశ్న (మెకానికల్, ద్వితీయ సంవత్సరం, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా కళాశాల బృందంలో ఈసారి కొత్తవారే ఎక్కువ కావడంతో, అసలు పోటీకి ముందు సాధనగా 2024 ఏబీయూ రోబోకాన్ (ఆసియా-పసిఫిక్ దేశాల విద్యార్థుల రోబో పోటీ) సమస్యను తీసుకుని రోబోలు తయారు చేయాలనుకున్నాం. వియత్నాం ఆతిథ్యమిచ్చిన ఆ పోటీలో మొదటి రోబో నారు నాటి, ధాన్యం బంతులను మైదానంలోని మూడో భాగానికి చేరవేస్తే, మనిషి ప్రమేయం లేకుండా నడిచే రెండో రోబో వాటిని అయిదు గాదెల్లో వేయాలి. మొదటి రోబో గురించి మాలో భేదాభిప్రాయం లేదు కానీ రెండో దాని దగ్గర బృందం రెండుగా చీలింది. నాలుగు మెకానమ్ చక్రాలు (అంచున ఏటవాలు రోలర్లతో పక్కకూ కదలగలిగేవి), ఎటైనా తిరిగే చేయి, గాదెలను చూసి నిర్ణయించుకునే కెమెరా కావాలని కొందరు పట్టుబడుతున్నారు. మూడు ఓమ్నీ చక్రాలు (అంచున అడ్డ రోలర్లతో పక్కకూ జారగలిగేవి), బంతిని లోపలికి లాగే రోలర్లు, ముందే రాసుకున్న వరుసలో గాదెలను నింపే ప్రోగ్రాము చాలని మిగతావారు అంటున్నారు. ఏ ప్రాతిపదికన తేల్చుకోవాలి?

జవాబు 1 (పూర్వ విద్యార్థి)

చక్రాల చర్చను కాసేపు పక్కన పెట్టి గెలుపు నిబంధనను మళ్లీ చదవండి. గాదెలో మూడు బంతులు నిండి, వాటిలో కనీసం రెండు మన జట్టు రంగువై (ఎరుపు లేదా నీలం), పైన ఉన్నది కూడా మనదైతేనే ఆ గాదె మనకు దక్కుతుంది. అలాంటివి మూడు దక్కిన క్షణంలోనే, అప్పటికి ఎవరి పాయింట్లు ఎన్ని ఉన్నా, ఆట ముగుస్తుంది. ఇక ఒక గాదెలో మనది ఒకటి, ప్రత్యర్థిది ఒకటి ఉన్నాయనుకోండి, మూడోది ఎవరు వేస్తే గాదె వారిదే. ప్రత్యర్థి బంతి ఒక్కటే ఉన్న గాదెలో మనం గుడ్డిగా రెండోది వేస్తే, ఆ గాదెను చేజేతులా వారికి అప్పగించినట్టే. మనవి రెండు పడిన చోట వారు మూడోది వేస్తే అది ఎవరికీ దక్కదు. కాబట్టి ముందే రాసుకున్న వరుస ఎదుట ఎవరూ లేనప్పుడు మాత్రమే పనికొస్తుంది, మీకు కెమెరా తప్పనిసరి.

అయితే చేయి అవసరమని నాకు అనిపించడం లేదు. ఆట మూడు నిమిషాలు. మీ రెండో రోబో పని మొదలయ్యేసరికి ఒక నిమిషం గడిచిందనుకుంటే 120 సెకన్లు మిగులుతాయి. ఎవరూ అడ్డు రాకపోయినా మూడు గాదెలకు తొమ్మిది బంతులు కావాలి, అంటే ఒక్కో బంతికి దాదాపు 13 సెకన్లు. బంతిని పట్టుకోవడం పదింట తొమ్మిదిసార్లు, వేయడం కూడా పదింట తొమ్మిదిసార్లు సఫలమైతే, రెండూ కలిసి కుదిరేది 81 శాతమే, అప్పుడు తొమ్మిది బంతులకు సుమారు పదకొండు ప్రయత్నాలు పడతాయి, ఒక్కో ప్రయత్నానికి మిగిలేది 11 సెకన్ల లోపే. చేయికి కీళ్లు పెరిగేకొద్దీ ఈ శాతం పడిపోతుంది, సెకన్లు పెరుగుతాయి. బంతి రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు ఉన్నా రోలర్లు దాన్ని లాక్కోగలవు, చేయి కొసన వేళ్లలా పట్టుకునే గ్రిప్పర్‌కు ఆ వెసులుబాటు ఉండదు. రోలర్ల నోటిని మాత్రం ఒక్క బంతి పట్టేంతే ఉంచండి, లేకపోతే పక్కనున్న తాలు బంతి (పొల్లు గింజకు గుర్తుగా పెట్టినది) కూడా లోపలికి వస్తుంది.

జవాబు 2 (చాసిస్, అంటే రోబో అడుగు చట్రం, తయారీలో పనిచేసినవారు)

పై లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తూ చక్రాల గురించి రాస్తున్నాను. మైదానం కొండవాలు మెట్ల పొలంలా అంచెలంచెలుగా ఉండి, రెండో రోబో వాలు ఎక్కాల్సి రావడమే ఇక్కడ అసలు చిక్కు. నాలుగు చక్రాలను బిగుతైన ఫ్రేముకు బిగిస్తే వాలు మొదలయ్యే అంచు దగ్గర ఒక చక్రం గాలిలోకి లేస్తుంది, దానితో చక్రం ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ లెక్క తప్పి రోబో తానెక్కడుందో మరిచిపోతుంది. మూడు చక్రాలు ఎప్పుడూ నేలను తాకే ఉంటాయి కానీ, వాటిపై నిలిచిన రోబో బరువు కాస్త పైకి జరిగితే వాలు మీద ఒరిగిపోయే ప్రమాదముంది. నేనైతే మెకానమ్ చక్రాలు తీసుకుని, వెనుక రెంటినీ మధ్యలో కీలున్న ఇరుసుకు బిగిస్తాను. స్థానం తెలుసుకోవడానికి మోటారు ఎన్‌కోడర్లను నమ్మకుండా, స్ప్రింగుతో నేలకు నొక్కి ఉంచే చిన్న చక్రాలను విడిగా పెట్టడం మంచిది. బేరింగులకు రాణీగంజ్, మోటారు డ్రైవర్లకు కోఠీ గుజరాతీ గల్లీ, రేకు కోతకు బాలానగర్ ఎలాగూ ఉన్నాయి, కనుక కీలున్న ఇరుసు మీ శక్తికి మించిన పని కాదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు అన్నా. కెమెరా ఖాయం చేసుకున్నాం. అయితే మా ప్రయోగశాలలో నీలం బంతికి, ఊదా రంగు తాలు బంతికి తేడా ఒక్కోసారి తెలియడం లేదు. దీనికి న్యూరల్ నెట్‌వర్క్ శిక్షణ తప్పదా?

జవాబు 3 (పూర్వ విద్యార్థి)

అంత దూరం వెళ్లే ముందు కెమెరా ఆటో ఎక్స్‌పోజర్ (వెలుగును దానంతటదే సర్దుకోవడం), ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగులను దానంతటదే సర్దుకోవడం) రెండూ ఆపేసి చూడండి. పరిసర కాంతి మారిన ప్రతిసారీ అవి రంగును జరుపుతుంటే ఒక్కో రంగుకు ఏ హద్దులు పెట్టినా నిలవవు. చిత్రాలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీలో వర్ణం (హ్యూ) విలువ 0 నుంచి 179 వరకు ఉంటుంది, నీలం, ఊదా అందులో పక్కపక్కనే వస్తాయి, ఎరుపు రెండు చివర్లలోనూ పడుతుంది కనుక దానికి రెండు హద్దులు రాసుకోవాలి. రోలర్ల పైన సొంత తెల్ల ఎల్‌ఈడీ పట్టీ అమర్చి, బంతి ఆ వెలుగులోకి వచ్చాకే రంగు తేల్చండి. ఉదయం కిటికీ వెలుతురులోనూ, రాత్రి ట్యూబులైటు కిందా తీసిన చిత్రాలపై ఒకే హద్దులు పనిచేస్తే నెట్‌వర్క్ అక్కర్లేదు. పనిచేయకపోతే అవే చిత్రాలు శిక్షణకు పనికొస్తాయి.