లారెంట్ క్లెర్క్ సొంత కాగితాలు యేల్‌లోనే ఉండాలా, బధిరుల సంస్థకి చేరాలా?

కృష్ణలంక_కిరణ్:
నాకు పుట్టుకతోనే వినపడదు. ఒక విషయంలో అందరి అభిప్రాయం కావాలి. లారెంట్ క్లెర్క్ 1785లో ఫ్రాన్సులో పుట్టిన బధిరుడు. పారిస్ బధిరుల బడిలో చదివి అక్కడే పంతులయ్యాడు. బధిరులకి చదువు చెప్పే పద్ధతి నేర్చుకోవడానికి వచ్చిన అమెరికన్ థామస్ గాలడెట్ వెంట 1816లో అమెరికా వెళ్ళాడు. మరుసటేడు హార్ట్‌ఫర్డ్‌లో వాళ్ళు పెట్టిన బడిలోనే అమెరికా సైగల భాష వేళ్ళూనింది. క్లెర్క్ సొంత కాగితాలు ఇప్పుడు అమెరికాలోని యేల్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. వాషింగ్టన్‌లో బధిరుల కోసమే గాలడెట్ యూనివర్సిటీ ఉండగా అవి అక్కడికి ఎందుకు చేరకూడదు? మా పెద్దాయన రాతలు చూడటానికి మేం వినికిడి ఉన్నవాళ్ళ గుమ్మం ఎక్కాలా?

గ్రంథాలయం_రావు:
కిరణ్ గారూ, నా ఉద్యోగమంతా లైబ్రరీలోనే గడిచింది. పాత కాగితానికి చల్లటి గది కావాలి, తేమ తగలకూడదు, పురుగు పట్టకూడదు, అడిగినవాళ్ళకి తీసిచ్చే మనిషి ఉండాలి. అవన్నీ ఉన్నచోటు నుంచి కదపడం ఎందుకు? పైగా హార్ట్‌ఫర్డూ, యేల్ ఉన్న న్యూహేవెనూ కనెటికట్‌లోవే. గాలడెట్ చదివింది యేల్‌లోనే. క్లెర్క్ 1869లో కన్నుమూసింది కూడా ఆ రాష్ట్రంలోనే. మన దగ్గర తాళపత్రాలు చేతులు మారి ఎన్ని మాయమయ్యాయో చూసినవాణ్ణి, అందుకే చెబుతున్నా.

మధు_నల్గొండ:
స్కాన్ చేసి నెట్‌లో పెడితే గొడవే ఉండదు కదా?

కృష్ణలంక_కిరణ్:
మధు అన్నా, స్కాన్ చేసినా ఆ కాగితాల జాబితా రాసేది ఎవరన్న ప్రశ్న పోదు. ఏది ముందు పెట్టాలో, దేని కింద ఏం రాయాలో ఆ మనిషే తేలుస్తాడు. చాలాచోట్ల క్లెర్క్‌ని గాలడెట్‌కి సహాయకుడన్నట్టు రాస్తారు. 1816లో ఇద్దరూ రాసుకున్న ఒప్పందం చూడండి. తన క్యాథలిక్ మతానికి విరుద్ధమైనదేదీ నేర్పమని అడగకూడదని అందులో షరతు ఉంది. సహాయకుడు అలా షరతులు పెడతాడా? యూనివర్సిటీకి మాత్రం గాలడెట్ పేరే పెట్టారు.

గ్రంథాలయం_రావు:
మీరు చెప్పే ఆ గాలడెట్ యూనివర్సిటీ 1864లో మొదలైంది. 1988 దాకా దానికి బధిరుడైన ప్రెసిడెంటే లేడు. బధిరుల సంస్థ అని బోర్డు ఉన్నంత మాత్రాన పెత్తనం బధిరులదైపోదు. కాబట్టి మీ వాదం నిలబడదు.

కృష్ణలంక_కిరణ్:
1988లో విద్యార్థులు గేట్లు మూసి కూర్చుంటే వచ్చాడు ఆ ప్రెసిడెంటు. అంటే పోరాడితే అక్కడ పని జరిగింది. యేల్ గేటు దగ్గర మా మాట ఎవరు వింటారు?

శాంతి_కాకినాడ:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. క్లెర్క్ మాట్లాడటం నేర్చుకోనే లేదని చదివాను, నిజమేనా? మా పాపకి కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడటానికి చెవి లోపల పరికరం పెట్టే ఆపరేషన్, బయట మెషీన్ తగిలిస్తారు) చేయించాం. స్పీచ్ థెరపీ నడుస్తోంది.

కృష్ణలంక_కిరణ్:
నిజమే అక్కా. పారిస్ బడిలో ఒక క్రైస్తవ ఫాదర్ మాటలు నేర్పేవాడు. క్లెర్క్‌కి 'ద'కీ 'త'కీ తేడా పలకడం రాలేదు. ఆ ఫాదర్ విసిగిపోయి గడ్డం కింద గట్టిగా కొట్టాడు. పిల్లవాడి నాలుక పళ్ళ మధ్య నలిగింది. ఆ తర్వాత క్లెర్క్ మాట్లాడే ప్రయత్నమే వదిలేశాడు.

గ్రంథాలయం_రావు:
అది ఒక పంతులు చేసిన తప్పు. మన వీధిబడుల్లో కోదండం వేయించేవారు, అంతమాత్రాన చదువే చెడ్డదా? నాలుక తెగిందా, నలిగిందా అన్నది పట్టుకుని మాట నేర్పే పద్ధతినే కొట్టిపారేయకండి.

కృష్ణలంక_కిరణ్:
ఒక పంతులా? 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద మహాసభ పెట్టారు. వచ్చిన ప్రతినిధులు 164 మంది, అందులో బధిరుడు ఒకే ఒక్కడు. సైగలకంటే నోటి మాటే గొప్పదని తీర్మానించారు. ఆ తర్వాత దేశదేశాల బడుల్లో బధిర పంతుళ్ళ ఉద్యోగాలు పోయాయి. ఆ తీర్మానాలను 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే మహాసభలో గానీ తిరస్కరించలేదు. ఆ నూట ముప్పై ఏళ్ళలో నేనూ ఉన్నాను. నేను చదివిన బడిలో చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోబెట్టేవారు. నోటి ముందు కాగితం ముక్క పెట్టి, అది ఊగేదాకా 'ప' అనిపించేవారు. నాకు 'ప' వచ్చింది. ఎక్కాలు రాలేదు, ఎందుకంటే వాటికి సమయమే మిగల్లేదు.

మధు_నల్గొండ:
తమ్ముడూ, కాస్త నెమ్మదిగా. శాంతి గారు కూడా చదువుతున్నారు.

శాంతి_కాకినాడ:
చదువుతూనే ఉన్నాను. ఇదంతా నన్ను అంటున్నట్టే ఉంది. సైగలు చేస్తే మాట రాదని థెరపిస్టు గట్టిగా చెప్పింది. నగలు తాకట్టు పెట్టి ఆపరేషన్ ఖర్చులు పెట్టుకున్నాం. పాప మొదటిసారి 'అమ్మా' అన్నప్పుడు నేను ఎవరి చేతులూ కట్టేయలేదు. నన్ను మీ మిలాన్ సభలో కూర్చోబెట్టకండి కిరణ్ గారూ.

కృష్ణలంక_కిరణ్:
ఇంప్లాంట్ తప్పని నేను ఎక్కడా అనలేదక్కా. రాత్రి మెషీన్ తీసి పక్కన పెట్టాక పాపతో ఏ భాషలో మాట్లాడతారు? నా బాధ అది. తనలాంటి మనిషి రెండు వందల ఏళ్ళ కిందట సముద్రం దాటి బడి పెట్టాడని మీ పాపకి ఎవరు చెబుతారు? నాకు ఎవరూ చెప్పలేదు. ఇరవై దాటాక తెలిసింది. క్లెర్క్ అమెరికా వెళ్ళే 52 రోజుల ఓడ ప్రయాణంలో గాలడెట్‌కి సైగలు నేర్పుతూ, తాను ఇంగ్లీషు నేర్చుకోవడానికి డైరీ రాశాడు. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఆ డైరీ ఎవరి అల్మారాలో ఉంటే నాకేంటని ఊరుకోలేకపోవడం అందుకే.

గ్రంథాలయం_రావు:
అంటే మీ గొడవ యేల్‌తో కాదన్నమాట.

కృష్ణలంక_కిరణ్:
యేల్‌తో కూడా.

లలిత_డాలస్:
ఆ హార్ట్‌ఫర్డ్ బడి ఇప్పటికీ నడుస్తోంది. కాగితాలు దానికి ఇవ్వాలని ఎవరూ అనలేదు. కాగితాలు పిల్లలు ఉన్నచోటికే ఎందుకు వెళ్ళకూడదు?

శాంతి_కాకినాడ:
థెరపీ మాత్రం ఆపను, ముందే చెబుతున్నా. రాత్రి సంగతి మీరన్నది నిజమే, అప్పుడు పాప నా మొహం తడుముతూ ఉంటుంది. మన సైగల భాష ఇంట్లో కూర్చుని చూసుకోవడానికి ఏమైనా ఉందా? థెరపిస్టుతో నేను మాట్లాడుకుంటాను.

కృష్ణలంక_కిరణ్:
ఉంది అక్కా. ఢిల్లీలోని ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ (భారత సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం) వాళ్ళు 2021 నాటికే 10,000 పదాలతో వీడియో నిఘంటువు తెచ్చారు. యూట్యూబులో చూడొచ్చు. తిండి, నిద్ర, నొప్పి, భయం, వీటి సైగలతో మొదలుపెట్టండి.

గ్రంథాలయం_రావు:
శాంతి గారికి మంచిదే చెప్పారు. కాగితాలు కదపకూడదన్న మాట మీదే నేనున్నాను. జాబితా రాసే బల్ల దగ్గర బధిరుడు కూర్చోవాలని యేల్‌కి ఉత్తరం రాయండి, నేనూ సంతకం పెడతాను.

కృష్ణలంక_కిరణ్:
ఉత్తరం రాస్తాను. కాగితాలు అడగడం కూడా మానను.