2017లో నోరెత్తనివాళ్ళకి ఇప్పుడు మన మద్దతు ఎందుకు? (మయన్మార్ మీద చర్చ)

లెక్కల మాస్టారు, రాజమండ్రి

మొన్న మా కాలేజీ పిల్లలు మయన్మార్ ప్రజల కోసం సంఘీభావ సభ పెడతామని అనుమతి అడగడానికి వచ్చారు. గోడకి అతికించడానికి మూడు వేళ్ళు ఎత్తిన చెయ్యి బొమ్మ కూడా గీసుకొచ్చారు, అక్కడ సైన్యానికి ఎదురు తిరిగినవాళ్ళ గుర్తు అది. సంతకం పెట్టి పంపించాను గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రఖైన్ రాష్ట్రంలో ఉండే ముస్లిం మైనారిటీలు రొహింగ్యాలు. 2017 ఆగస్టు 25న వాళ్ళలోని సాయుధులు కొన్ని పోలీసు ఠాణాల మీద దాడి చేశారు. దాన్ని సాకుగా తీసుకుని సైన్యం రఖైన్ రాష్ట్రం ఉత్తర భాగంలో ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టింది. కొద్ది నెలల్లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు. అప్పుడు రంగూన్‌లోనూ జనం రోడ్ల మీదికి వచ్చారు, అయితే సైన్యాన్ని మెచ్చుకోవడానికి వచ్చారు. 2019లో గాంబియా దేశం జాతి నిర్మూలన కేసు వేస్తే, సైన్యం తరఫున వాదించడానికి అప్పటి ప్రభుత్వాన్ని నడుపుతున్న ఆంగ్ సాన్ సూకీ స్వయంగా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళారు. ఆవిడ ఫోటోలు పట్టుకుని వేలమంది ఊరేగారు. పద్నాలుగు నెలలు తిరిగేసరికి, 2021 ఫిబ్రవరి 1న అదే సైన్యం ఆవిణ్ణి నిర్బంధించి అధికారం లాక్కుంది.

ఇప్పుడు ఆ జనమే ప్రపంచాన్ని సాయం అడుగుతున్నారు. పక్కిల్లు తగలబడుతుంటే చూస్తూ నిలబడ్డవాళ్ళు తమ ఇంటికి నిప్పంటుకున్నాక కేకలేస్తే, మనం బిందె పట్టుకుని పరిగెత్తాలా? నాకు తేలడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కోరంగి మనవడు, విశాఖ

మాస్టారూ, పరిగెత్తాలి. రెండిళ్ళకీ నిప్పు పెట్టిన చెయ్యి ఒకటే కాబట్టి.

మాది బర్మా క్యాంపు. ఈ పేరు ఎందుకొచ్చిందో ఇక్కడ పుట్టిన పిల్లల్లో చాలామందికి తెలీదు. మా ముత్తాత రంగూన్ రేవులో మూటలు మోసేవాడు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడెక్కేవాళ్ళు కాబట్టి అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. ప్రేమగా పిలిచిన పేరు కాదది. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కడితే, ఓడల కంపెనీలు వాళ్ళ చోట బర్మా కూలీలని పెట్టుకున్నాయి. సమ్మె తీరాక ఆ బర్మా కూలీలని పొమ్మన్నాయి. ఆ మంట మనవాళ్ళ మీదికి మళ్ళింది. వందమందికి పైగా చచ్చిపోయారు.

తర్వాత 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం పట్టుకున్నాడు. దుకాణాలూ మిల్లులూ జాతీయం చేశాడు. 1964లో 50, 100 క్యాట్‌ల నోట్లు చెల్లవన్నాడు. దాదాపు మూడు లక్షల మంది భారత సంతతివాళ్ళు దేశం వదలాల్సి వచ్చింది. మా అమ్మమ్మ అప్పటికి బాలింత. ఓడ ఎక్కే చోట బల్ల వెనక కూర్చున్నవాడు చెవి కమ్మలు తియ్యమన్నాడట. ఒకటి వచ్చింది, రెండోది మర బిగుసుకుపోయి రాలేదు. వెనక వరసలో ఉన్నవాళ్ళు తొందర పెడుతుంటే చెవి తెగేలా లాగింది. ఆవిడ చనిపోయేదాకా ఎడమ చెవి తమ్మె రెండుగా చీలే ఉంది. అరటి దూట వేసి మొహింగా, అంటే బర్మావాళ్ళ చేపల పులుసు నూడుల్స్, వండినప్పుడల్లా రంగూన్ కబుర్లు చెప్పేది. ఆ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆపేసేది.

మా తర్వాత వంతు రొహింగ్యాలది. 1978లో నాగమిన్ పేరుతో జరిపిన తనిఖీల్లో రెండు లక్షల మంది పారిపోయారు. 1982లో పౌరసత్వ చట్టం మార్చారు. 1823కి ముందు నుంచీ ఉన్న జాతులే అసలు పౌరులన్నారు. సర్కారు చెప్పే 135 జాతుల్లో రొహింగ్యాల పేరు లేదు. 1991, 92ల్లో మళ్ళీ రెండున్నర లక్షల మంది. 2017 అకస్మాత్తుగా ఊడిపడలేదు మాస్టారూ. మమ్మల్ని వెళ్ళగొట్టడంతో ఆ సైన్యానికి చెయ్యి తిరిగింది.

చరిత్ర విద్యార్థి

మనవడు గారూ, మీ అమ్మమ్మగారి సంగతి చదివి మనసు పాడైంది. అయినా ఒక మాట చెప్పాలి. బర్మావాళ్ళ కోపమంతా సైన్యం పుట్టించిందే కాదు. బ్రిటిష్ పాలనలో తమిళ వడ్డీ వ్యాపారులు, చెట్టియార్లు, రైతులకి అప్పులిచ్చారు. 1930ల్లో ధాన్యం ధర పడిపోయాక దిగువ బర్మా పంట భూముల్లో నాలుగో వంతు వాళ్ళ చేతికి పోయింది. భూమి పోయిన రైతుకి రేవులో కూలీకి వెళ్తే అక్కడ మన తెలుగువాడు అడ్డం. సైన్యం ఆ పుండుని మాననివ్వకుండా కెలుకుతూ వచ్చింది. జనం ఎందుకు నమ్మారో అర్థం కావాలంటే ఇది కూడా చెప్పుకోవాలి.

కోరంగి మనవడు, విశాఖ

ఒప్పుకుంటాను. మా ముత్తాతకి సెంటు భూమి లేదు, అప్పిచ్చింది లేదు. అయినా తిట్లు ఆయనే తిన్నాడు. మీరన్న దానికి అది జవాబు కాదని నాకూ తెలుసు.

లెక్కల మాస్టారు, రాజమండ్రి

చెయ్యి ఒకటే అన్నారు. ఆ మాటకి ఆధారం చూపిస్తే నా లెక్క సగం తేలుతుంది.

కోరంగి మనవడు, విశాఖ

చూపిస్తాను. 2017 సెప్టెంబరులో ఇన్ దిన్ అనే ఊళ్ళో పదిమంది రొహింగ్యా మగవాళ్ళని చేతులు కట్టేసి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత చంపి ఒకే గోతిలో పూడ్చారు. అక్కడున్నది 33వ లైట్ ఇన్‌ఫాంట్రీ డివిజన్. 2021 ఫిబ్రవరి 20న మాండలేలో ఓడల మరమ్మతు యార్డు దగ్గర సమ్మెకి దిగినవాళ్ళ మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ రోజు మాండలేలో దింపిన బలగాల్లో ఉన్నది కూడా ఆ 33వ డివిజనే.

ఇన్ దిన్ సంగతి బయటపెట్టిన ఇద్దరు రాయిటర్స్ విలేఖరులు, వా లోన్, క్యా సో ఊ, 500 రోజులకి పైగా జైల్లో ఉన్నారు. చంపినందుకు పదేళ్ళ శిక్ష పడ్డ ఏడుగురు సైనికులు ఏడాది కూడా తిరక్కుండా ఇంటికొచ్చారు. రాసినవాడికి పడ్డ జైలు చంపినవాడికి పడలేదు. ఇదంతా సూకీ ప్రభుత్వం ఉండగానే జరిగింది. దాన్ని నేను దాచను.

ఇంకోటి. 1960ల నుంచీ సరిహద్దు కొండల్లోని కరెన్, కచిన్ అనే మైనారిటీ జాతుల ఊళ్ళ మీద సైన్యం నాలుగు కోతల విధానం అని అమలు చేస్తోంది. తిండి, డబ్బు, కబురు, మనుషులు, ఈ నాలుగూ తిరుగుబాటుదార్లకి అందకుండా కోసెయ్యడం. అంటే ఊరు తగలబెట్టడం, ధాన్యం గాదె తగలబెట్టడం. 2021 తర్వాత ఇదే సగాయింగ్‌లో, దేశంలో మెజారిటీ జాతి అయిన నిక్కమైన బర్మన్ బౌద్ధుల ఊళ్ళల్లో చేశారు. 2023 ఏప్రిల్ 11న పజీజీ ఊరి మీద విమానంతో బాంబులేస్తే 160 మందికి పైగా పోయారు.

శారద, తెనాలి

మీరంతా సైన్యం గురించే మాట్లాడుతున్నారు. నాకు ఆ జనం ఎదురు తిరిగిన తీరు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. 2021లో సైన్యం అధికారం లాక్కున్న మొదటి వారంలోనే ఆసుపత్రుల డాక్టర్లు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని పని మానేశారు. రైల్వేవాళ్ళు, బ్యాంకులవాళ్ళు, టీచర్లు వాళ్ళ వెనకే వచ్చారు. రోజూ రాత్రి ఎనిమిదింటికి గిన్నెలూ పళ్ళేలూ మోగించేవాళ్ళు, ఇంట్లో దుష్టశక్తుల్ని తరిమేటప్పుడు చేసే చప్పుడు అది. ఆడవాళ్ళు తమ లుంగీలు వీధికి అడ్డంగా తాళ్ళ మీద ఆరేశారు. ఆడవాళ్ళ బట్ట కింద నుంచి నడిస్తే మగాడి తేజస్సు పోతుందని అక్కడ నమ్మకం. బందూకులు పట్టుకున్న సైనికులు ఆ తాళ్ళు తెంపే దాకా ముందుకి రాలేక నిలబడిపోయారు. ఆడదాని బట్ట మైల అని నేర్పిన లోకానికి అంతకన్నా జవాబేముంటుంది? మన ఇళ్ళల్లోనూ ఆ దండెం ఎక్కడో పెరటి మూలనే కదా ఉండేది.

ఫిబ్రవరి 9న మ్యా త్వే త్వే ఖైన్ అనే పిల్ల తలకి తూటా తగిలింది. ఆసుపత్రిలోనే ఇరవయ్యో ఏడు వచ్చింది, 19న పోయింది. ఆ పిల్ల 2017లో ఏం మాట్లాడిందని అడిగి అప్పుడు ఏడుద్దామా మాస్టారూ?

లెక్కల మాస్టారు, రాజమండ్రి

లేదమ్మా. అలా అడిగితే నేను మనిషిని కాను. నా ప్రశ్న ఆ పిల్ల గురించి కాదు. రేపు గెలిచినవాళ్ళు రొహింగ్యాలని ఏం చేస్తారన్నదే నా ప్రశ్న.

నిర్మల, హైదరాబాద్

మాస్టారు గారూ, సరైన చోటికి వచ్చారు. నేను నాలుగేళ్ళుగా బాలాపూర్ రొహింగ్యా బస్తీలో ఆదివారాలు పిల్లలకి అక్షరాలు చెప్తున్నాను. టార్పాలిన్ గుడిసెలు, ఎండాకాలం లోపల కూర్చోలేం. మగవాళ్ళు ఎక్కువమంది చెత్త ఏరుతారు, కూలికి పోతారు. అక్కడొక పెద్దాయన ఉన్నాడు, పిల్లలు నానా అంటారు. ఉత్తర రఖైన్‌లో బూతీదౌంగ్ దగ్గరి ఊరు, 2012 గొడవల్లో బయటపడ్డాడు. ఒకరోజు గోనెసంచి అడుగు నుంచి పాల కవరు తీశాడు. అందులో వాళ్ళ నాన్న మూడు మడతల గుర్తింపు కార్డు. మడతల దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో అతికించాడు. 1982కి ముందు సర్కారు ఇచ్చిన కార్డు అది. "ఇది మా నాన్నకి ఇచ్చారు, నన్ను మాత్రం బంగ్లాదేశ్ వాడివన్నారు" అన్నాడు.

2021 ఫిబ్రవరి, మార్చి నెలల్లో రంగూన్ కుర్రాళ్ళు రొహింగ్యాలకి క్షమాపణ చెబుతూ అట్టలు పట్టుకున్న ఫోటోలు వచ్చాయి కదా. అవి ఆయన మనవడు తన ఫోన్‌లో నాకు చూపించాడు. జూన్ 3న, సైన్యం దించేసిన ఎంపీలూ వాళ్ళతో కలిసినవాళ్ళూ పెట్టుకున్న అజ్ఞాత జాతీయ ఐక్య ప్రభుత్వం 1982 చట్టాన్ని రద్దు చేస్తామని ప్రకటించింది. బస్తీలో ఆ రోజు నిజంగా సంబరంగా ఉంది.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. 2023 అక్టోబరు 27న మూడు జాతుల సైన్యాలు కలిసి ఉత్తరాన మయన్మార్ సైన్యం మీద యుద్ధం మొదలెట్టాయి. అందులో ఒకటైన అరకాన్ ఆర్మీ, అంటే రఖైన్ బౌద్ధుల సైన్యం, 2024 చివరికి రఖైన్‌లో చాలా భాగం పట్టుకుంది. ఈలోగా పౌరులే కాదన్న రొహింగ్యా కుర్రాళ్ళనే సైన్యం బలవంతంగా లాక్కెళ్ళి యూనిఫాం తొడిగి అరకాన్ ఆర్మీ మీదికి తోలింది. 2024 మేలో బూతీదౌంగ్ తగలబడింది. ఆగస్టు 5న బంగ్లాదేశ్ సరిహద్దులోని నాఫ్ నది ఒడ్డున పడవ కోసం చూస్తున్న కుటుంబాల మీద డ్రోన్లతో బాంబులు పడ్డాయి. బతికినవాళ్ళు అరకాన్ ఆర్మీ పని అంటారు, వాళ్ళు కాదంటారు. ఆ వారం నేను వెళ్ళినప్పుడు పిల్లలు పలకలు తియ్యలేదు. ఆడవాళ్ళు ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని, చూసిన వీడియోనే మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు, ఎవరి కొంగు రంగైనా గుర్తుపట్టగలమేమోనని.

అందుకే "ప్రతిఘటన" అని ఒక్క పేరు పెట్టి అందరినీ ఒకే గాట కట్టకండి.

చరిత్ర విద్యార్థి

నిర్మల గారు చెప్పాక నా అభిప్రాయం గట్టిపడింది. ఆయుధం పట్టినవాళ్ళెవరికీ మన మద్దతు వద్దు. జనానికి బియ్యం, మందులు పంపుదాం, అంతే. మిజోరంలో చూడండి, మయన్మార్ నుంచి 30 వేల మందికి పైగా చిన్ జాతి శరణార్థులు వస్తే అక్కడి సంఘాలూ చర్చిలూ పెట్టింది కూడు, ఎవరి పక్షమని అడగలేదు.

కోరంగి మనవడు, విశాఖ

అన్నం పెట్టడంలో పక్షం వద్దు, ఒప్పుకుంటాను. కానీ మాట సాయంలో పక్షం తప్పదు. గిన్నెలు మోగించినవాళ్ళ మీద తూటాలు పేలుస్తుంటే, ఆ కుర్రాళ్ళు అడవిలోకి వెళ్ళి తుపాకీ నేర్చుకున్నారు. మొదట నేర్పినవాళ్ళెవరు? 1949 నుంచీ కొట్లాడుతున్న కరెన్‌లు, ఆ పక్క కచిన్‌లు. ఇన్నాళ్ళూ సైన్యం వాళ్ళని దేశద్రోహులని చెప్తే నమ్మిన బర్మన్ పిల్లలు వాళ్ళ గుడిసెల్లో తిని, వాళ్ళ చేత దుప్పటి కప్పించుకున్నారు. అరవై ఏళ్ళు సైన్యం పెంచిన గోడ అక్కడ పగిలింది. అది బాలాపూర్ దాకా రాలేదు, నిజమే. వచ్చేదాకా అడుగుదాం. చట్టం రద్దు చేస్తామన్నవాళ్ళని మాట మీద నిలబెట్టేది దూరంగా కూర్చుని చేతులు దులుపుకునేవాళ్ళు కాదు కదా.

లెక్కల మాస్టారు, రాజమండ్రి

పిల్లలకి రేపు చెప్తాను, సభకి నేనూ వస్తానని. ఆ మూడు వేళ్ళ బొమ్మ పక్కన 1982 చట్టం గురించి కూడా ఒక అట్ట రాయమంటాను. అది లేకుండా అయితే నేను రాను. నిర్మల గారూ, వీలైతే ఆ పెద్దాయన్ని ఒక మాట అడగండి. ఈ సభకి ఆయన ఏమంటాడో.

నిర్మల, హైదరాబాద్

అడిగాను మాస్టారు గారూ. ఎవరు గెలవాలని కోరుకుంటున్నావు నానా అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పాల కవరు తెచ్చి, కార్డు రెండు వైపులా ఫోటో తియ్యమన్నాడు. సభలో గోడకి పెట్టమని చెప్పాడు. పేరు మాత్రం వేలితో మూసి తీశాను.