డ్రాగన్ సినిమాల్లో మొదటిదానికున్న లోతు తర్వాత ఎందుకు లేదు? పిల్లాడికి ఇంకేం చూపించాలి?

అందరికీ నమస్తే, మాది హనుమకొండ. సంక్రాంతి సెలవులకు మా అక్క కొడుకు వచ్చాడు, ఐదో తరగతి. వాడితో కలిసి 'హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్' మూడు భాగాలూ వరసపెట్టి చూశాను. మొదటిదాంట్లో (2010) హీరో పిల్లాడు హికప్ మంచం మీంచి లేచి, లేని కాలు చూసుకునే చోట వాడు సకినం నోటిదాకా తెచ్చి ఆగిపోయి, "మామా, గా కాలు మళ్ల రాదా?" అన్నాడు. రాదురా అన్నాను. డ్రాగన్ తోక పోగొట్టింది ఆ పిల్లాడే, చివరికి తన కాలూ పోయింది, ఇద్దరూ కలిస్తేనే ఎగరగలరు, ఇదంతా ఎవరూ డైలాగు కొట్టి చెప్పరు.

రెండోదాంట్లో (2014) హికప్ తండ్రిని చంపింది తన డ్రాగనే, కానీ ఆ బాధను చకచకా తేల్చేసి యుద్ధంలోకి దిగిపోయారు. మూడోదానికి (2019) మావాడు ఫోన్ పట్టుకున్నాడు. ముగింపు నాకైతే నచ్చింది.

కథలోని లోకం పెద్దదయ్యేకొద్దీ తప్పుకు మూల్యం తగ్గిపోతుందా? మరి 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్' అనే కార్టూన్ సిరీస్ 61 ఎపిసోడ్లు నడిచినా, అందులో శత్రువుగా మొదలై మారే రాకుమారుడు జూకో కథ పలచబడలేదు కదా, ముగింపు ముందే అనుకుని రాయడం వల్లనా?

దాని తర్వాత వచ్చిన సిరీస్ 'ద లెజెండ్ ఆఫ్ కోరా' (2012–14) పదేళ్ల పిల్లాడికి ఎక్కుతుందా? ఆ విలన్ల రాజకీయాలే నా టెన్షన్. మొదటిదానికంటే రెండో భాగమే లోతుగా ఉన్నవేమైనా తెలిస్తే చెప్పండి, తెలుగు డబ్బింగ్ ఉంటే ఇంకా మంచిది, వీడు సబ్‌టైటిల్స్ చదవడు. ఆదివారం అక్క వచ్చి మంచిర్యాలకు తీసుకుపోతుంది, ఆలోపు.