శనివారం రాత్రి గోల లేని రెస్టారెంట్‌ని ముందే కనిపెట్టడం ఎలా?

వచ్చే శనివారం రాత్రి 8 గంటలకి ఎనిమిది మందికి టేబుల్ కావాలి. అమ్మానాన్నల పెళ్లిరోజు. నాన్నగారు వినికిడి యంత్రం పెట్టుకుంటారు. చుట్టూ గోలగా ఉంటే అది పక్క టేబుళ్ల మాటల్ని కూడా పెంచేస్తుంది, ఎదురుగా కూర్చున్నవాళ్ల మాట అందులో కలిసిపోతుంది.

రేటింగులు పనికిరాలేదు. 4.5 వచ్చిన చోట కూడా జనం రుచి గురించి రాస్తారే తప్ప చప్పుడు ఊసెత్తరు. ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే జవాబు: "ప్రశాంతంగానే ఉంటుందండీ." నచ్చిన ఒక హాలుకి మధ్యాహ్నం వెళ్తే ఫోన్‌లో చప్పుడు కొలిచే డెసిబెల్ యాప్ 60 దగ్గర ఉంది, శనివారం రాత్రి 8:30కి అదే హాల్లో 80 దాటింది. టైల్స్ నేల, గాజు గోడలు, కర్టెన్ ముక్క లేదు, ఇక చప్పుడు తిరిగి కొట్టక ఏమవుతుంది! ఫొటోల్లో తివాచీ, మెత్తటి సోఫాలు ఉన్నవి ఏరాను కానీ స్పీకర్లు ఎక్కడున్నాయో, వంటగది తలుపు ఎటుందో వాటిలో కనపడదు. విడిగా గది ఇచ్చేచోట కనీసం 15 మంది ఉండాలన్నారు. పెందలాడే వెళ్దామంటే కొందరు 8 లోపు రాలేరు.

శనివారం రాత్రి హాలు నిండినా మా టేబుల్ దగ్గర మాట వినపడుతుందో లేదో తేలాలంటే, బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో సరిగ్గా ఏమని అడగాలి?