యోషివారా స్త్రీల బొమ్మలను ‘సొగసుల పండుగ’ అని ప్రదర్శించవచ్చా?

నూరుమెట్లు
టోక్యోలోని మెగురో గజోయెన్ హోటల్లో 1935లో కట్టిన చెక్క మెట్ల దారి ఒకటుంది. పేరుకు నూరు మెట్లు, లెక్కపెడితే తొంభైతొమ్మిదే. చెప్పులు కిందే విడిచి ఎక్కేవారు. దారి పొడవునా ఏడు గదులు, వాటి పైకప్పుల నిండా బొమ్మలు. కాబురాకి కియోకతా అనే చిత్రకారుడి పేరు మీదే ఒక గది ఉంది. ఆ గదుల్లో ప్రదర్శనలు పెడుతూ వచ్చారు. హోటళ్లు కళాప్రదర్శనలు పెట్టడం జపాన్‌లో కొత్త కాదు. ‘ఆయా కాలాల సొగసైన స్త్రీలు’ అంటే జనం ఎప్పుడూ వస్తారు.

నా బాధంతా అలాంటి ప్రదర్శనల్లో బొమ్మలు పేర్చే వరుస గురించే. ఎడో కాలపు (1603–1868) ముద్రణ చిత్రాలతో మొదలుపెట్టి, తైషో కాలపు (1912–1926) పట్టుబట్టల మీదుగా, జుట్టు కత్తిరించుకున్న 1920ల ‘మోగా’ (మోడర్న్ గర్ల్) అమ్మాయి దాకా అన్నిటినీ ఒకే దండలో గుచ్చి, ‘స్త్రీల అభిరుచి చరిత్ర’, ‘సొగసుల పండుగ’ అంటారు. ఎడో కాలపు బొమ్మల్లో చాలామంది యోషివారా వేశ్యావాటిక వాళ్లు. చిన్నతనంలోనే కన్నవాళ్లు అప్పు కింద అమ్మేసిన పిల్లలు. ఒంటి మీది పట్టుబట్టల ఖర్చు కూడా వాళ్ల అప్పు ఖాతాలోకే చేరేది. 1770లలో ఇసోదా కోర్యూసాయి గీసిన బొమ్మలను చూడండి. కొత్త సంవత్సరానికి కొత్త బట్టల నమూనాలు, పక్కన ఆ స్త్రీ పేరూ, ఆమె ఉండే ఇంటి పేరూ. అవి బట్టల ప్రచారం, ఆ ఇళ్ల ప్రచారం కూడా. దాన్ని ఆమె అభిరుచి అని ఎలా అంటాం?

పాతపుస్తకం
నూరుమెట్లు గారూ, మీ బాధ నిజమైనదే. కానీ అందరినీ యోషివారా ఖాతాలో వేసేశారు. ఉతామారో అనే చిత్రకారుడు 1793 ప్రాంతంలో గీసిన ముగ్గురు అందగత్తెల చిత్రాన్ని తీసుకోండి. వారిలో ఒకామె యోషివారా గెయిషానే, కాదనను. మిగిలిన ఇద్దరిలో ఒకితా అసాకుసాలో టీ కొట్టు అమ్మాయి, ఒహిసా రియోగోకులో బియ్యపు అప్పచ్చులు అమ్మేవాళ్ల కూతురు. తొలిచూపుకు ముగ్గురి ముఖాలూ ఒకటే. కాసేపు నిలబడి చూస్తే ఒకరి ముక్కు కొంచెం వంపు తిరిగి ఉంటుంది, ఇంకొకరి కన్ను కాస్త దిగి ఉంటుంది. ఒకితాది పౌలోనియా ఆకుల చిహ్నం, ఒహిసాది ఓక్ ఆకుల చిహ్నం. ఎవరు ఎవరో ఊరంతటికీ తెలుసు.

అసలు సంగతి తర్వాత జరిగింది. వేశ్యలు కాని స్త్రీల పేర్లు బొమ్మల మీద రాయకూడదని షోగున్ (సైనిక పాలకుడి) ప్రభుత్వం నిషేధించింది. ఉతామారో పేరుకు బదులు, ఆ పేరు పలికించే బొమ్మల పొడుపుకథ పెట్టాడు. 1796లో దాన్నీ ఆపేశారు. 1800లో ముఖాలను అంత పెద్దగా గీయడమే కూడదన్నారు. మామూలు ఇంటి పిల్లకు ఊళ్లో పేరు రావడం పాలకులకు గిట్టలేదు. ఆ పేర్లను మనం ఇవాళ గట్టిగా పలకాలి. పండుగ అనే మాట ఒకితాకు, ఒహిసాకు తప్పక తగుతుంది.

నీలికలువ
ఇంతవరకూ ఇద్దరూ మగవాళ్లు గీసిన బొమ్మల గురించే మాట్లాడారు. ఉఏమురా షోఎన్ అనే చిత్రకారిణి సంగతేమిటి? 1875లో క్యోటోలో పుట్టింది. ఆమె పుట్టకముందే తండ్రి పోతే, తల్లి తేయాకు కొట్టు నడుపుకుంటూ కూతురికి చిత్రలేఖనం నేర్పించింది. 1890లో, పదిహేనేళ్ల వయసులో ఆమె ప్రదర్శనకు పెట్టిన చిత్రాన్ని బ్రిటన్ రాకుమారుడు కొన్నాడు. 1936 నాటి ‘జో నో మాయి’ చిత్రంలో నాట్యం చేసే యువతి చేయి చాచి నిలబడిన తీరు చూస్తే, ఎవరి కళ్లను సంతోషపెట్టడానికీ నిలబడినట్టు ఉండదు. 1948లో సంస్కృతి పతకం అందుకున్న తొలి మహిళ ఆమే.

ఒసాకా చిత్రకారిణి షిమా సెయిఎన్ 1918లో తన బొమ్మ తానే గీసుకుంది. పేరే పెట్టలేదు, ‘శీర్షిక లేదు’ అంది. ముఖం మీద నల్లటి మచ్చ గీసింది. నిజంగా ఆమెకు ఆ మచ్చ లేదు. ఆ చిత్రం లేని అందగత్తెల ప్రదర్శన నా దృష్టిలో అసంపూర్ణమే. స్థలం లేదంటే ఇంకో కిమోనో తీసేసి దీన్ని పెట్టాలి.

మగ్గంగుంట
మాది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. నాకు తెలిసిన కోణం ఒకటి చెబుతాను.

తైషో కాలం అనగానే చూపించేది ‘మెయిసెన్’ పట్టు. రెండోరకం పట్టుతో నేసేవారు, ధర తక్కువ, రంగులు కళ్లు చెదిరేవి. ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు, చదువుకునే పిల్లలు కొనుక్కోగలిగిన బట్ట. ఇసెసాకి, చిచిబు, అషికాగా ఊళ్లలో నేసేవారు. ఒక పద్ధతిలో ముందు పడుగును తాత్కాలిక పేకతో వదులుగా నేస్తారు. దాని మీద అచ్చుకాగితంతో రంగు వేస్తారు. తర్వాత ఆ పేకను లాగేసి, అసలు పేకతో మళ్లీ నేస్తారు. రంగుపోగులు వెంట్రుకవాసి జరుగుతాయి కాబట్టి పువ్వు అంచు కాస్త చెదిరినట్టుంటుంది. మా ఇంట్లో నూలుకు రబ్బరు చుట్టి రంగులో ముంచి నేసిన ఇక్కత్ చీర అంచు కూడా అలాగే చెదురుతుంది. ఆ చెదురుకు ఎంత పనో నాకు తెలుసు.

కట్టుకున్నవాళ్ల బొమ్మలున్నాయి. నేసినవాళ్లు ఎక్కడ? పట్టుకాయలు మరిగే నీళ్లలో వేళ్లు పెట్టి దారం తీసిన అమ్మాయిలు ఎక్కడ? వాళ్లదీ ఆడవాళ్ల చరిత్రే కదా.

‘మోగా’ గురించి ఒక మాట. 1925లో కోన్ వాజిరో అనే పరిశోధకుడు టోక్యోలోని గిన్జా వీధిలో నిలబడి, వచ్చేపోయేవాళ్ల బట్టలు లెక్కపెట్టించాడు. మగవాళ్లలో 67 శాతం పాశ్చాత్య దుస్తుల్లో ఉన్నారు, ఆడవాళ్లలో 99 శాతం కిమోనోలోనే ఉన్నారు. పోస్టర్ల మీది పొట్టి జుట్టు అమ్మాయిని చూసి ఆ కాలమంతా అలాగే ఉందనుకోకూడదు.

నూరుమెట్లు
నీలికలువ గారి షిమా సెయిఎన్ మాటకు, మగ్గంగుంట గారి లెక్కకు నేను లొంగిపోయాను. ఒకితా, ఒహిసాల విషయంలోనూ పాతపుస్తకం గారిదే న్యాయం. కానీ కోర్యూసాయి బొమ్మల దగ్గర నా మాట వెనక్కి తీసుకోను. ఆ బొమ్మ కింద చీటీలో బట్ట పేరు, నమూనా పేరు, సంవత్సరం రాస్తారు. ఆమె అప్పు కింద ఉన్న మనిషి అని ఒక్క వాక్యం రాస్తే బొమ్మ అందం తరిగిపోతుందా?

పాతపుస్తకం
తరగదు. కాకపోతే ఆ హోటల్ పెళ్లిళ్లకు పేరున్న చోటు. పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చిన కుటుంబం పైకి వెళ్లి ఆ వాక్యం చదివితే ఎలా ఉంటుందని నిర్వాహకులు ఆలోచిస్తారు. మ్యూజియం చీటీ వేరు, హోటల్ చీటీ వేరు.

నీలికలువ
పెళ్లికూతురు చదవకూడని వాక్యం అది ఎందుకవుతుంది? ఆమే చదవాలి.

మినోవా వాసి
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. నేనుండేది టోక్యోలోని జోకాన్‌జి గుడికి దగ్గర్లో. అయినవాళ్లెవరూ రాని యోషివారా స్త్రీలను ఇక్కడికే తెచ్చేవారు. 1855 భూకంపంలో పోయినవాళ్లనూ ఇక్కడే పూడ్చారు. మొత్తం పాతికవేల మంది దాకా ఉంటారంటారు. గుడి వెనక వాళ్లందరికీ కలిపి ఒకే రాతి స్తూపం.

హోటల్ చీటీ మీద ఏం రాయాలో నాకు తెలియదు. పోయిన ఆదివారం అక్కడికి వెళ్లినప్పుడు స్తూపం ముందు పూలతో పాటు రెండు జడపిన్నులు, విప్పని కొత్త లిప్‌స్టిక్ ఒకటి పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో గానీ, రంగు మాత్రం చూసి ఎంచి తెచ్చినట్టుంది.